మైనపు కలం పట్టిన చెయ్యి - జావా కార్తిని జీవితం

ఏప్రిల్ నెల అనగానే మన హాస్టళ్లలో అందరికీ గుర్తొచ్చేవి రెండు రోజులు. 11న ఫూలే జయంతి, 14న అంబేద్కర్ జయంతి. పటాలకు పూలదండలు వేస్తాం, పెద్దల ఉపన్యాసాలు వింటాం, వ్యాసరచన పోటీలు పెట్టుకుంటాం. అదే నెల 21న సముద్రానికి అవతల ఇండోనేషియా దేశంలో బడి పిల్లలు తమ సంప్రదాయ దుస్తులు వేసుకుని ఒక స్త్రీ జయంతిని జరుపుకుంటారు. ఆమె పేరు కార్తిని. ఆమె బతికింది ఇరవై అయిదేళ్లు మాత్రమే. యుద్ధం చేయలేదు. పదవి చేపట్టలేదు. సభల్లో ప్రసంగాలు చేస్తూ ఊరూరా తిరగలేదు. ఆమె చేతిలో ఉన్నవి రెండే సాధనాలు. ఒకటి బట్ట మీద మైనంతో బొమ్మలు గీసే బాతిక్ కలం. రెండోది ఉత్తరాలు రాసే కలం. ఈ రెండింటితోనే ఆమె ఒక దేశపు ఆడపిల్లలకు బడి దారి చూపించింది. చదువు కోసం ఇల్లు వదిలి హాస్టల్లో చేరిన మనం తెలుసుకోదగిన జీవితం కాబట్టి ఈ వార్షికోత్సవ సంచికలో ఆమెను మీకు పరిచయం చేస్తున్నాం.

పుట్టిన ఇల్లు

కార్తిని 1879 ఏప్రిల్ 21న జావా దీవి ఉత్తర తీరంలోని జెపారా ప్రాంతంలో, మయోంగ్ అనే ఊళ్లో పుట్టింది. అప్పటికి ఇండోనేషియా అనే దేశం లేదు. ఆ దీవులన్నీ డచ్చి వాళ్ల పాలనలో ఉండేవి. పైన డచ్ అధికారులు, వాళ్ల కింద స్థానిక రాజవంశాలకు చెందిన రీజెంట్లు పరిపాలన చేసేవారు. మన జమీందార్ల కాలాన్ని గుర్తు చేసుకుంటే ఆ పద్ధతి సులభంగా అర్థమవుతుంది. కార్తిని తండ్రి సోస్రోనింగ్రాత్ కొద్దికాలానికే జెపారా రీజెంట్ అయ్యాడు. తాత చొంద్రొనెగొరో అంతకు ముందే తన కొడుకులకు డచ్ చదువు చెప్పించి, ఆ కాలానికి కొత్త దారి తొక్కినవాడు.

తల్లి న్గాసిరా మాత్రం సామాన్యుల ఇంటి బిడ్డ. ఆమె తండ్రి ఇస్లాం మత పాఠాలు చెప్పే గురువు. రీజెంట్ పదవి కావాలంటే భార్య కూడా గొప్ప వంశానిదై ఉండాలి. అందుకని సోస్రోనింగ్రాత్ రాజవంశపు స్త్రీని మరొకరిని పెళ్లి చేసుకున్నాడు. ముందు వచ్చిన భార్య అయినా న్గాసిరాకు ఆ ఇంట్లో పెద్ద భార్య హోదా దక్కలేదు. కన్నతల్లి పుట్టుక కారణంగా సొంత ఇంట్లోనే తక్కువైపోవడం కార్తిని చిన్ననాటి నుంచి చూసింది. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే పద్ధతి మీద ఆమెకు కలిగిన కోపానికి మూలం ఇక్కడే ఉందని మేము అనుకుంటున్నాం.

జావా గొప్పింటి మర్యాదలు చాలా కఠినంగా ఉండేవి. చిన్నవాళ్లు పెద్దవాళ్ల ముందు నుంచి నిలబడి నడవకూడదు, నేల మీద పాకుతూ వెళ్లాలి. మాట్లాడే భాష కూడా ఎదుటివారి హోదాను బట్టి మారాలి. సొంత అక్కతో మాట్లాడినా చెల్లెలు పెద్దల భాషే వాడాలి. కార్తిని కొంచెం ఎదిగాక తన చెల్లెళ్ల దగ్గర ఈ పద్ధతిని రద్దు చేసింది. తన ముందు ఎవరూ పాకనక్కరలేదని, స్నేహితుల్లా మాట్లాడుకుందామని చెప్పింది. తన వంశ బిరుదులతో కాక ఉత్త కార్తిని అని పిలవమని తర్వాతి కాలంలో స్నేహితురాలికి రాసింది కూడా.

పన్నెండేళ్లకు మూసుకున్న తలుపు

తండ్రి కొంత ఉదారుడు కాబట్టి కార్తినిని డచ్ పిల్లల బడిలో చేర్పించాడు. ఆ కాలంలో రీజెంట్ ఇంటి ఆడపిల్ల బయటి బడికి వెళ్లడమే పెద్ద విడ్డూరం. ఆమె డచ్ భాష చక్కగా నేర్చుకుంది. ఆ బడిలో చదువుకునే రోజుల్లోనే, ఇంకా చిన్నపిల్లగా ఉండగానే, భారతదేశపు పండిత రమాబాయి గురించి విన్నది. చదువుకుని, విదేశాలకు వెళ్లి, 1889లో బొంబాయిలో బాల వితంతువుల కోసం శారదా సదన్ స్థాపించిన స్త్రీ రమాబాయి. తెల్లజాతి ఆడవాళ్లే కాదు, తనలాంటి రంగు ఉన్న ఆడది కూడా సొంత కాళ్ల మీద నిలబడగలదని ఆ రోజు తనకు తెలిసిందని, ఒళ్లు పులకరించిందని కార్తిని ఏళ్ల తర్వాత ఒక ఉత్తరంలో గుర్తు చేసుకుంది. మన గడ్డ మీద ఒక స్త్రీ చేసిన పని వేల మైళ్ల దూరంలో ఉన్న చిన్నపిల్ల గుండెలో దీపం వెలిగించింది.

కానీ పన్నెండేళ్లు రాగానే బడి ఆగిపోయింది. ఆ రోజుల్లో జావా గొప్పిళ్లలో ఈడు వచ్చిన పిల్లను పెళ్లయ్యే వరకు ఇంటి గోడల మధ్యనే ఉంచేవారు. దీన్ని పింగిత్ అంటారు. సమర్తాడిన పిల్లను మూల కూర్చోబెట్టే మన ఆచారం రోజుల లెక్కలో ముగుస్తుంది. కార్తినిది ఏళ్ల లెక్క. అన్నలు సెమరాంగ్ నగరంలో పైచదువులకు వెళుతుంటే, తననూ పంపమని తండ్రిని వేడుకుంది. ఆయన ఒప్పుకోలేదు. ఆమె తోటి డచ్ పిల్లలు బడికి పోతుంటే, తాను ఎత్తైన గోడల లోపల ఉండిపోయింది. పెద్దన్నల్లో ఒకడైన కార్తోనో తెచ్చి ఇచ్చిన పుస్తకాలు, పత్రికలు మాత్రమే ఆమెకు తోడు. ఆ అన్న తర్వాత హాలెండు వెళ్లి అనేక భాషల్లో పండితుడయ్యాడు. అదే ఇంట్లో అంతే తెలివి ఉన్న చెల్లెలు వాకిలి దాటలేకపోయింది. కారణం ఆడపిల్ల కావడమే.

మైనం, నీలి, ఓపిక

ఆ గోడల మధ్యనే కార్తిని బాతిక్ నేర్చుకుంది. జావాలో గొప్పింటి ఆడపిల్లలకు అది తప్పనిసరి విద్య. బాతిక్ అంటే మైనం అడ్డుపెట్టి బట్టకు రంగు వేయడం. మైనం ఉన్న చోట రంగు అంటదు. అంతే దాని సూత్రం. కానీ పని మాత్రం నెలల తరబడి సాగుతుంది.

ముందుగా తెల్లటి నూలు బట్టను ఉతికి గంజి వదిలిస్తారు. నూనెలోనూ బూడిద నీళ్లలోనూ మార్చి మార్చి నానబెట్టి, ఆరబెట్టి, పలచగా గంజి పెట్టి, నునుపు తేలేదాకా కొయ్య సుత్తితో కొడతారు. తర్వాత బట్టను వెదురు దండెం మీద వేసి, ఆడవాళ్లు చిన్న పీటల మీద కూర్చుంటారు. పక్కన కుంపటి మీద మూకుడులో మైనం కరుగుతుంటుంది. అది తేనెమైనంలో చెట్ల జిగురు కలిపిన మిశ్రమం. గీసే పనిముట్టును చాంటింగ్ అంటారు. వేలి కొనంత రాగి గిన్నె, దానికి సన్నటి ముక్కు, పట్టుకోవడానికి వెదురు పిడి. మైనం ముంచుకుని, ముక్కు మూసుకుపోకుండా మెల్లగా ఊది, బట్ట మీద గీత గీయాలి. మైనం మరీ వేడెక్కితే పాకిపోతుంది, చల్లబడితే బట్టలోకి దిగదు. ఒక్క చుక్క జారినా మచ్చ మిగిలిపోతుంది. ఒక పక్క పూర్తయ్యాక బట్ట తిప్పి రెండో పక్క కూడా అదే గీత మీద మళ్లీ గీయాలి.

తెల్లగానో గోధుమ రంగులోనో మిగలాల్సిన భాగాలను మైనంతో కప్పి, బట్టను నీలిమందు తొట్టిలో పదే పదే ముంచుతారు. గోధుమ రంగు కావలసిన చోట మైనం గీకేసి, నీలంగా ఉండాల్సిన భాగాలను మళ్లీ మైనంతో కప్పుతారు. అప్పుడు చెట్ల బెరడుల నుంచి తీసిన సోగా అనే గోధుమ రంగులో ముంచుతారు. చివరికి మరిగే నీళ్లలో వేస్తే మైనమంతా కరిగిపోయి తెలుపు, నీలం, గోధుమ రంగులు బయటపడతాయి. 19వ శతాబ్దం మధ్యలో రాగి అచ్చులు వచ్చాక పని వేగం పెరిగింది. అయినా చేత్తో గీసిన బాతిక్‌కే విలువ ఎక్కువ.

ఈ కథలో మనకూ కొంత భాగం ఉంది. 17వ శతాబ్దంలో డచ్ కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టుకుని మన తీరం కలంకారీ, అద్దకం బట్టలను ఓడల్లో ఆ దీవులకు తీసుకుపోయి, వాటికి బదులు సుగంధ ద్రవ్యాలు కొనేది. మన తీరం అద్దకపు పనివాళ్లు కూడా నీలి రంగు వేసేటప్పుడు మైనాన్నే అడ్డుపెట్టేవారు. మన పల్లెల్లో తయారైన బట్ట ఒకప్పుడు జావా గొప్పిళ్లలో కొత్త చీరంత మురిపెంగా కట్టుకున్న బట్ట.

బాతిక్‌లో కూడా హెచ్చుతగ్గులు ఉండేవి. మధ్య జావా రాజాస్థానాల్లో పరంగ్ రుసాక్ వంటి కొన్ని డిజైన్లు రాజకుటుంబాలకే పరిమితం. సామాన్యులు కట్టుకోరాదని రాజాజ్ఞలు ఉండేవి. ఎవరు ఏ బట్ట కట్టాలో కులం శాసించిన చరిత్ర మన దేశానిది కాబట్టి ఈ సంగతి మనకు కొత్తగా అనిపించదు. ఆ డిజైన్లను కంటిచూపు పోయేదాకా గీసిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

పేరు లేని వ్యాసం

1898లో హాలెండు దేశంలోని హేగ్ నగరంలో స్త్రీల శ్రమ మీద ఒక పెద్ద జాతీయ ప్రదర్శన జరిగింది. జెపారా నుంచి కార్తిని, ఆమె చెల్లెళ్లు రుక్మిణి, కార్దినా కలిసి తమ చేతిపనులు పంపారు. వాటితోపాటు కార్తిని ఒక వ్యాసం కూడా రాసి పంపింది. బట్టను సిద్ధం చేయడం దగ్గర నుంచి మైనం తీసే వరకు బాతిక్ పని అంతా అందులో డచ్ భాషలో వివరించింది. అప్పటికి ఆమె వయసు పంతొమ్మిదేళ్లు.

ఆ తర్వాత రౌఫర్, యూయిన్‌బోల్ అనే ఇద్దరు డచ్ పండితులు బాతిక్ కళ చరిత్ర మీద ఒక పెద్ద గ్రంథం తయారు చేశారు. 1900 నుంచి భాగాలుగా వెలువడిన ఆ గ్రంథంలో జెపారా నుంచి వచ్చిన రాతప్రతిగా కార్తిని వ్యాసాన్ని వాడుకున్నారు. ఆ పండితులు చూసి తెలుసుకున్న విద్య అది. ఆమె చేసి తెలుసుకున్న విద్య. చేతితో పనిచేసేవాళ్లకు తెలివి ఉండదని, తెలివైన పని అంటే కాగితం మీదిదేనని చాలామంది అనుకుంటారు. చేనేత, చెప్పులు కుట్టడం, కుండలు చేయడం, బుట్టలు అల్లడం తెలిసిన ఇళ్ల నుంచి వచ్చిన మనలో కొందరు కూడా ఆ మాట నమ్మి, అమ్మానాన్నల పని చెప్పుకోవడానికి సిగ్గుపడతాం. కార్తిని తన చేతి పనిని తానే అక్షరాల్లో పెట్టింది. పనిచేసే చెయ్యే రాయగలదని చూపించింది.

జెపారా కొయ్య చెక్కడానికి కూడా పేరున్న ఊరు. అక్కడి వడ్రంగులు అద్భుతమైన పనితనం ఉన్నా పేదరికంలో మగ్గేవారు. కార్తిని వాళ్ల పెట్టెలను, చెక్కడాలను నగరాల్లోని కళాభిమానులకు చూపించి, ఆర్డర్లు తెప్పించి, వాళ్లకు మంచి ధర వచ్చేలా చూసింది.

ఉత్తరాల వాకిలి

1898లో డచ్ రాణి పట్టాభిషేక వేడుకల సందర్భంగా అక్కచెల్లెళ్లు ముగ్గురికీ బయటికి వచ్చే వీలు దొరికింది. 1899లో కార్తిని ఒక డచ్ మహిళా పత్రిక ద్వారా కలం స్నేహితురాలిని వెతుక్కుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో తపాలా శాఖలో ఉద్యోగం చేస్తున్న స్టెల్లా అనే యువతి స్పందించింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. అయినా కార్తిని తన మనసులో ఉన్నదంతా ఆమెకు రాసింది. బహుభార్యత్వం వల్ల ఆడవాళ్లు పడే బాధ, చిన్న వయసు పెళ్లిళ్లు, చదువుకున్న జావా వాళ్లను డచ్ అధికారులు చిన్నచూపు చూడటం, అన్నీ ఆ ఉత్తరాల్లో ఉన్నాయి. తల్లి చదువుకుంటే ఇల్లంతా చదువుకుంటుందని ఆమె గట్టిగా నమ్మింది.

1900లో విద్యాశాఖ డైరెక్టర్ అబెందనాన్, ఆయన భార్య రోజా జెపారా వచ్చారు. రీజెంట్ల కూతుళ్ల కోసం బడి పెట్టాలని ఆయన ఆలోచన. కార్తిని ఎంతో సంతోషించింది. కానీ ఎక్కువమంది రీజెంట్లు ఆడపిల్లలను బయటికి పంపడానికి ఒప్పుకోకపోవడంతో ఆ ఆలోచన అటకెక్కింది.

చేతికందిన స్కాలర్‌షిప్

1902లో వాన్ కోల్ అనే డచ్ పార్లమెంటు సభ్యుడు జెపారా వచ్చి కార్తినిని కలిశాడు. ఆమె హాలెండులో చదువుకోవడానికి ప్రభుత్వ సహాయం ఇప్పించడానికి పార్లమెంటులో ప్రయత్నించాడు. కల నిజం కాబోతున్న సమయంలో, 1903 జనవరిలో, అబెందనాన్ వచ్చి ఆమెను ఆపాడు. హాలెండు వెళ్లి వస్తే సొంత జనమే ఆమెను పరాయిదానిగా చూస్తారని, ఆమె బడికి తమ ఆడపిల్లలను పంపరని నచ్చజెప్పాడు. కార్తిని బాధపడుతూనే ఒప్పుకుంది. దానికి బదులు బతావియాలో, అంటే నేటి జకార్తాలో, ఉపాధ్యాయ శిక్షణ తీసుకోవడానికి దరఖాస్తు పెట్టింది. జవాబు కోసం ఊరికే కూర్చోకుండా 1903 జూన్‌లో తన ఇంట్లోనే ఆడపిల్లలకు చిన్న బడి తెరిచింది. చదువు, రాత, కుట్టు, వంట చెప్పేది.

ఇంతలో రెంబాంగ్ రీజెంట్ నుంచి పెళ్లి సంబంధం వచ్చింది. ఆయనకు అప్పటికే భార్యలు, పిల్లలు ఉన్నారు. బహుభార్యత్వాన్ని జీవితమంతా ద్వేషించిన మనిషికి అలాంటి సంబంధమే ఎదురైంది. తండ్రి అనారోగ్యం, ఇంటి ఒత్తిడి ఒక పక్క, తన ఆశయం ఒక పక్క. ఆమె తలవంచింది. కానీ షరతులు పెట్టి తలవంచింది. పెళ్లిలో వరుడి పాదాలకు మొక్కే తంతు ఉండకూడదు. పెళ్లయ్యాక కూడా తాను బడి నడపాలి. ఆయన ఒప్పుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1903 జులైలో, బతావియా చదువుకు ప్రభుత్వ ధనసహాయం మంజూరైంది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఉత్తర్వు, వాడుకునే వీలు పోయాక చేతికి వచ్చింది. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. సుమత్రా దీవికి చెందిన సలీం అనే కుర్రవాడు పరీక్షల్లో మొదటి స్థానం సాధించి, డాక్టరు చదువుకు డబ్బు లేక ఆగిపోయాడని ఆమె విన్నది. అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా తనకు వచ్చిన సొమ్ము అతనికి ఇప్పించమని అబెందనాన్ దంపతులను బతిమాలుతూ రాసింది. ఆ పని జరగలేదు. కానీ ఆ కుర్రవాడే హాజీ అగుస్ సలీం. స్వాతంత్ర్య పోరాటంలో ముందు నిలిచి, తర్వాత ఇండోనేషియా విదేశాంగ మంత్రి అయ్యాడు.

ఇరవై అయిదేళ్లకే

1903 నవంబరులో పెళ్లి జరిగింది. రెంబాంగ్‌లో కూడా కార్తిని ఆడపిల్లలకు చదువు చెప్పింది. 1904 సెప్టెంబరు 13న కొడుకు పుట్టాడు. నాలుగు రోజులకే, సెప్టెంబరు 17న, ఆమె కన్నుమూసింది. అదే సంవత్సరం జనవరిలో బాండుంగ్‌లో దేవీ సార్తిక అనే మరో యువతి ఆడపిల్లల బడి తెరిచింది. ఒక చోట దీపం ఆరినా మరో చోట వెలుగుతూనే ఉంది.

1911లో అబెందనాన్ ఆమె ఉత్తరాలను పుస్తకంగా వేశాడు. దాని పేరుకు చీకటి నుంచి వెలుగుకు అని అర్థం. ఆ పుస్తకం చదివిన హాలెండు పెద్దలు నిధి సేకరించి, మొదట సెమరాంగ్‌లోనూ తర్వాత ఇతర నగరాల్లోనూ కార్తిని బడులు పెట్టించారు. చెల్లెలు కార్దినా 1916లో తెగాల్ పట్టణంలో ఆడపిల్లల బడి ప్రారంభించింది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి ఆమె పేరే ఉంది. 1964లో అధ్యక్షుడు సుకర్ణో కార్తినిని జాతీయ వీరనారిగా ప్రకటించి, ఆమె పుట్టినరోజును కార్తిని దినంగా నిర్ణయించాడు. 1985లో పదివేల రూపయ్యా నోటు మీద ఆమె బొమ్మ వచ్చింది. 2009 అక్టోబరు 2న, మనం గాంధీ జయంతి జరుపుకునే రోజున, యునెస్కో బాతిక్‌ను మానవాళి వారసత్వంగా గుర్తించింది.

కార్తిని గొప్పింటి బిడ్డ కాబట్టే ఆమె ఉత్తరాలు మిగిలాయని, పేదింటి ఆడవాళ్ల మాటలు ఎవరూ దాచలేదని అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. 1848లోనే పూనాలో బడి తెరిచిన సావిత్రీబాయి ఫూలే పేరు మన పాఠ్యపుస్తకాల్లోకి రావడానికి ఎంతకాలం పట్టిందో మనకు తెలుసు. అందుకే కార్తిని గురించి చదివినప్పుడు, ఆమె తల్లి న్గాసిరాను, పేరు లేకుండా బాతిక్ గీసిన వేలాది ఆడవాళ్లను కూడా తలచుకోవాలి.

మనం చేయగలిగింది

మిత్రులారా! కార్తినికి పన్నెండేళ్లకు తలుపు మూసుకుంది. మన హాస్టళ్లలో కూడా దసరా సెలవులకో సంక్రాంతి సెలవులకో ఇంటికి వెళ్లి తిరిగి రాని చెల్లెళ్లు ఉన్నారు. సంబంధం కుదిరిందనో, తమ్ముళ్లను చూసుకోవాలనో, పత్తి ఏరడానికి మనిషి చాలదనో ఆగిపోతారు. కొన్నాళ్లకు హాజరు పట్టీలో ఆ పేరు మీద గీత పడుతుంది. పక్క మంచం పిల్ల తప్ప ఎవరూ ఆమె గురించి అడగరు. ఇక నుంచి మనం అడగాలి. ఇక్కడ చదువుకుంటున్నవాళ్లం వారం దాటినా తిరిగి రాని పిల్ల పేరు వార్డెన్ గారికి, టీచర్లకు చెప్పాలి. ఇక్కడ చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నయ్యలు, అక్కయ్యలు ఒకసారి ఆ పిల్ల ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాలి. పరీక్ష ఫీజు అడ్డమైతే కట్టాలి. తనకు అందని చదువును ముక్కూమొహం తెలియని కుర్రవాడికి అందించాలని చూసిన కార్తినికి అంతకన్నా మంచి జయంతి లేదు.